ఎనిమిదో రోజు రొప్పు: ఊపిరితిత్తుల్లో జరిగే చాటింపు గురించి

(చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి యువజన సహవాసాల ఉమ్మడి కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు వాక్యం కంటే ముందు ఒక ప్రశ్న మీ ముందు పెడతాము. మా సంఘంలోని ఒక చెల్లెలు బెంగళూరులో నర్సింగ్ చదువుతోంది. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఆరాధన అయ్యాక గుడి వాకిట్లో మమ్మల్ని ఆపింది. "అయ్యగారూ, మా తాతను చంపింది కరోనా కాదంట. తాత ఒంట్లో ఉన్న రోగనిరోధక శక్తేనంట. మా పుస్తకంలో ఉంది. అది నిజమైతే, తాత తన్ను తానే చంపుకున్నట్టా?" అని అడిగింది.

మాకు జవాబు రాలేదు. పాస్టరుకు జవాబు రాకపోతే ప్రార్థన చేద్దాం అంటాడని మీకు తెలుసు. మేమూ అదే అన్నాము. కానీ ఆ పిల్ల ముఖం చూస్తే మాకే సిగ్గేసింది. ఆ తర్వాత పుస్తకాలు తిరగేశాము, తెలిసిన డాక్టర్ల దగ్గర కూర్చున్నాము, అర్థం కాని చోట మళ్ళీ మళ్ళీ అడిగాము. ఆ జవాబే ఈరోజు మీ ముందు పెడుతున్నాము.

ముందు ఆ తాత సంగతి. 2021 మే నెల. ఆయన బాగేపల్లి తాలూకాలో ఒక పల్లె మనిషి, క్రషర్‌లో ఇరవై ఏళ్ళ పైన పని చేసినవాడు. జ్వరం, ఒళ్ళు నొప్పులు, దగ్గు వచ్చాయి. ఐదో రోజుకు జ్వరం తగ్గింది. మేము ఫోన్‌లో ప్రార్థన చేసి, దేవుడు ముట్టాడని వాట్సాప్ గ్రూపులో సాక్ష్యం కూడా పెట్టాము. ఏడో రోజు కొంచెం ఆయాసం అన్నాడు. నీరసమేలే, పడుకో అన్నాము. ఆయన మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు, గంజి తాగుతున్నాడు. ఎనిమిదో రోజు సాయంత్రానికి పెదవులు నల్లబడ్డాయి. అప్పటికి ఆ పల్లెలో ఒక్క ఆక్సిమీటరు లేదు. ఎవరో తెచ్చి వేలికి పెడితే 71 చూపించింది. మిషను చెడిపోయిందనుకొని కొడుకు వేలికి పెట్టి చూశాము. 98 వచ్చింది. మిషను బాగానే ఉంది.

మూడు చోట్ల మంచం లేదన్నారు. బెంగళూరు వైపు బండి కట్టించాము. హెబ్బాళ దాటకముందే ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఐదో రోజు సాక్ష్యం పెట్టినవాళ్ళం మేమే. ఏడో రోజు పడుకో అన్నవాళ్ళమూ మేమే. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే శాస్త్రమంతా ఆ ఐదో రోజుకూ ఎనిమిదో రోజుకూ మధ్య ఏం జరిగిందన్నదే.

మన ఊపిరితిత్తుల్లో కోట్లాది చిన్న గాలి సంచులు ఉంటాయి. బడిలో వాయుగోణులు అని చదివి ఉంటారు. వాటన్నిటినీ విప్పి పరిస్తే ఇంచుమించు 70 చదరపు మీటర్లు, అంటే మన రైతులు పట్టుపురుగులు పెంచే ఒక మోస్తరు షెడ్డంత. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న గోడ మాత్రం ఒక మైక్రాన్ కూడా మందం ఉండదు. తల వెంట్రుకలో ఎన్నో పదుల వంతు. అంత పలచగా ఉంటేనే ఆక్సిజన్ దాటుతుంది. అంత పలచగా ఉంది కాబట్టే త్వరగా చెడుతుంది.

వైరస్ ఆ గోడలోని ఒక కణంలోకి దూరిందనుకోండి. ఆ కణానికి లోపల దొంగ పడ్డాడని తెలుస్తుంది. తెలియగానే కొన్ని అణువులను తయారుచేసి బయటికి వదులుతుంది. వీటినే సైటోకైన్లు అంటారు. ఇవి వైరస్‌ను చంపవు. కబురు మోస్తాయి, అంతే. మన ఊళ్ళలో చాటింపు ఎలా వేసేవాళ్ళో మీ తాతలను అడగండి. తమటె మెడలో వేసుకొని వీధివీధి తిరిగి, చెరువు గట్టు తెగింది రండహో అని చాటేది ఎవరు? మనవాళ్ళే. అది మన పేటల మీద వేసిన వెట్టి పని. కానీ ఆ చాటింపు లేకపోతే ఊరు మునిగేది. సైటోకైన్ల పని అచ్చంగా అదే.

ఈ చాటింపుల్లో మొదటిది ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు కోడిగుడ్డు లోపలి పొర ముక్కల మీద ఫ్లూ వైరస్‌తో పరీక్షలు చేస్తూ దీన్ని కనిపెట్టారు. ఒక వైరస్ తగిలిన పొర నుంచి ఏదో పదార్థం బయటికి వచ్చి, రెండో వైరస్‌కు అడ్డుపడుతోందని గమనించారు. అడ్డుపడేది కాబట్టి ఆ పేరు పెట్టారు. ఇంటర్‌ఫెరాన్ కబురు అందిన పక్క కణాలు తలుపులు వేసుకుంటాయి. లోపలికి వైరస్ వచ్చినా పిల్లలు పెట్టడానికి సామాను దొరకనివ్వవు. ఈ కబురు తొలి గంటల్లో, తొలి రోజుల్లో గట్టిగా వెళ్తే చాలామందికి జలుబుతోనో రెండు రోజుల జ్వరంతోనో సరిపోతుంది.

కరోనా వైరస్ తెలివి అక్కడే ఉంది. మొదటి చాటింపును అది నొక్కేస్తుంది. తమటె కొట్టేవాడి నోటికి గుడ్డ కట్టినట్టు. కొందరిలో ఇంకో చిత్రం జరిగింది. 2020లో ప్రాణాపాయం దాకా వెళ్ళిన 987 మంది కోవిడ్ రోగుల రక్తం పరీక్షిస్తే, 101 మందిలో తమ సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పట్టుకొని పనిచేయనివ్వని యాంటీబాడీలు కనిపించాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్ళు. అంటే చాటింపు వేసినా ఆ మాట దారిలోనే పట్టుబడింది. వయసు మీద పడినవాళ్ళలో ఇలాంటివి ఎక్కువ.

మొదటి కబురు ఆలస్యమైతే ఈలోగా వైరస్ లక్షల్లో పెరుగుతుంది. అప్పుడు ఆలస్యంగా, గట్టిగా, ఒకేసారి రెండో రకం చాటింపు మొదలవుతుంది. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనేవి వాటి పేర్లు. ఇంటర్‌ల్యూకిన్-8 అని ఇంకొకటి, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను రమ్మని పిలుస్తుంది. ఇవన్నీ మేలు చేయడానికే వస్తాయి. కబురందిన రక్తనాళాలు తెల్లకణాలు బయటికి దూకడానికి వీలుగా తమ గోడ కీళ్ళు సడలిస్తాయి. ఆ సందుల్లోంచి తెల్లకణాలతో పాటు నీరూ మాంసకృత్తులూ కారి గాలి సంచుల్లోకి చేరతాయి. న్యూట్రోఫిల్స్ తమ దగ్గరున్న ఆమ్లాలు, ఎంజైములు చల్లుతాయి. వైరస్ ఉన్న కణమూ పోతుంది, పక్కన ఆరోగ్యంగా ఉన్న కణమూ పోతుంది. గాలి సంచి ముడుచుకుపోకుండా లోపల ఒక పూత ఉంటుంది, అది కొట్టుకుపోతుంది. సన్నని నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. చెరువు గట్టు తెగిందని వెయ్యి మంది ఒకేసారి ఒక ఎకరా రాగి చేలో పడి పరుగెత్తితే ఏమవుతుంది? గట్టు నిలవచ్చు. చేను నిలవదు.

దీన్ని డాక్టర్లు ఏఆర్‌డీఎస్ అంటారు. 1967లో అమెరికాలోని డెన్వర్ డాక్టర్లు 12 మంది రోగులను చూసి మొదటిసారి వివరంగా రాశారు. వాళ్ళల్లో కొందరికి దెబ్బలు తగిలాయి, కొందరికి న్యుమోనియా. కారణాలు వేరైనా ఊపిరితిత్తుల్లో జరిగిన పాడు ఒకటే. ఫ్లూతోనూ ఇది రావచ్చు, కరోనాతోనూ రావచ్చు.

ఇప్పుడు ఆ ఐదో రోజు అర్థమైందా? చాలామందిలో జ్వరం తగ్గే వేళకు వైరస్ కూడా తగ్గుముఖంలో ఉంటుంది. కానీ ఊపిరితిత్తుల్లో చాటింపు ఆగి ఉండదు. మామూలుగా అయితే ఇంటర్‌ల్యూకిన్-10 వంటివి "చాలు, ఇళ్ళకు పొండి" అని చెప్పే కబుర్లు మోస్తాయి. అవి సరిపోకపోతే ఏడు నుంచి పది రోజుల మధ్య రొప్పు మొదలవుతుంది. మేము సాక్ష్యం పెట్టింది సరిగ్గా ఆ లోయ అంచున నిలబడి.

ఇంకో మాట. "సైటోకైన్ తుపాను" అని అప్పట్లో టీవీల్లో తెగ వాడారు. మా మట్టుకు ఆ మాట కొంచెం అతిగానే అనిపిస్తుంది. శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే, కరోనాతో విషమించినవాళ్ళ రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 మోతాదు, వేరే కారణాలతో ఏఆర్‌డీఎస్ వచ్చినవాళ్ళ కంటే చాలాసార్లు తక్కువే ఉంది. నష్టం ఎక్కువగా ఊపిరితిత్తుల్లో, ఆ చోటనే జరిగింది. తుపాను అంటే ఎవరూ ఏమీ చేయలేరన్న భావం వస్తుంది. అది నిజం కాదు.

2021లో మన ఇళ్ళల్లో ప్రతి ఒక్కరి చేతిలో ఒక ల్యాబ్ కాగితం ఉండేది, గుర్తుందా? అందులో సీఆర్‌పీ అని ఒక అంకె. ఎంత, ఎంత అని అడిగేవాళ్ళం. ఆ సీఆర్‌పీని ఊపిరితిత్తులు తయారుచేయవు. ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో ప్రయాణించి కాలేయం దాకా కబురు మోస్తే, కాలేయం దాన్ని తయారుచేస్తుంది. అంటే ఆ కాగితం మీద మనం చదివింది చాటింపు ఎంత దూరం వినిపించిందన్న లెక్క. బాగేపల్లి ప్రజలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడ చదువుతారు, ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో వస్తుంది. ఆ మూడు భాషల మధ్య ఎంతమంది అంకె అర్థం కాక కూర్చున్నారో మేము కళ్ళారా చూశాము.

ఈ ఇంటర్‌ల్యూకిన్-6ను 1986లో జపాన్‌లోని ఒసాకాలో తదమిత్సు కిషిమోతో బృందం గుర్తించింది. తర్వాత దాని కబురు కణానికి చేరకుండా అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు వచ్చింది. అసలు కీళ్ళవాతానికి తెచ్చిన మందు అది. ఆక్సిజన్ మీద ఉండి సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న కోవిడ్ రోగులకు ఇస్తే చావులు 35 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరీక్షలో తేలింది. మన దేశంలో అప్పుడు ఒక్క సీసా సుమారు నలభై వేల రూపాయలు. బ్లాకులో ఇంకెంతకు అమ్మారో చెప్పనక్కర్లేదు. తాళిబొట్టు కుదువపెట్టిన కుటుంబాలు మనలో ఉన్నాయి.

అదే రికవరీ పరీక్షలో ఇంకో మందు సంగతి 2020 జూన్‌లోనే తేలింది. డెక్సామెథసోన్. కొద్ది రూపాయల మందు, ఏ మెడికల్ షాపులోనైనా దొరికేది. కణం లోపలికి వెళ్ళి, సైటోకైన్ల కబురు రాయడాన్నే తగ్గిస్తుంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో 28 రోజుల్లో చనిపోయినవాళ్ళు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గారు. వెంటిలేటర్ లేకుండా ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో 26.2 నుంచి 23.3కు తగ్గారు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు ఇస్తే మాత్రం మేలు జరగలేదు. అంకెలు కీడు వైపే మొగ్గాయి. 14.0 శాతానికి బదులు 17.8 శాతం చనిపోయారు.

తమ్ముళ్ళారా, ఈ అంకెలు బాగా గుర్తుపెట్టుకోండి. మన పల్లెల్లో ఏం జరిగింది? జ్వరం వచ్చిన రెండో రోజే "సూది వేయించుకో, తగ్గిపోతుంది" అని స్టెరాయిడ్ సూదులు వేయించారు. జ్వరం తగ్గింది, ఒళ్ళు నొప్పులు తగ్గాయి, అందరికీ నమ్మకం కుదిరింది. కానీ అప్పటికి మొదటి చాటింపే ఇంకా సరిగ్గా మొదలవలేదు. వైరస్ నోటికి గుడ్డ కట్టింది, మనం ఇంకో గుడ్డ కట్టాము. దానికి తోడు స్టెరాయిడ్‌తో చక్కెర పెరుగుతుంది. మన దగ్గర చక్కెర జబ్బు ఉందని తెలియకుండానే బతికేవాళ్ళు ఎందరో. 2021 మే నెలలో నల్ల ఫంగస్ వచ్చి కన్ను తీసేయవలసి వచ్చిన రోగుల సంగతి పేపర్లలో చదివారు కదా. కరోనా, చక్కెర, లెక్క లేకుండా వాడిన స్టెరాయిడ్, ఈ మూడూ కలిసిన చోటే అది ఎక్కువగా పట్టింది. ఒకే మందు ఎనిమిదో రోజు ప్రాణం పోసింది, రెండో రోజు ప్రాణం మీదికి తెచ్చింది. తేడా చెప్పేది జ్వరం కాదు, ఆక్సిజన్.

ఇక ఆ పిల్ల అడిగిన దానికి వస్తాము. తాత ఒళ్ళే తాతను చంపిందా?

ఒక మాట చూడండి. కరోనా వైరస్ వచ్చే ముందే ఆయన ఊపిరితిత్తుల్లో చాటింపు నడుస్తోంది. ఇరవై ఏళ్ళుగా. రాయి పగిలినప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఉండే మాక్రోఫేజ్ అనే కణం ఆ రేణువును మింగుతుంది. అరిగించుకోలేదు. లోపల గుచ్చుకొని కణం చస్తూ ఇంటర్‌ల్యూకిన్-1 చాటింపు వేస్తుంది. ఇంకో మాక్రోఫేజ్ వస్తుంది, అదే రేణువును మింగుతుంది, మళ్ళీ అదే కథ. పని మానేసినా దుమ్ము లోపలే ఉంటుంది కాబట్టి చాటింపు ఆగదు. క్రమంగా ఊపిరితిత్తి గట్టిపడుతుంది. సిలికోసిస్ చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తి వ్యాధి. కానీ మన క్రషర్ కూలీలకు టీబీ మందులిచ్చి పంపేస్తారు. సిలికా ఉన్నవాళ్ళకు టీబీ తేలిగ్గా వస్తుంది కూడా, అందుకని ఎవరికీ అనుమానం రాదు. 2021 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే హిరేనాగవల్లి దగ్గర క్వారీ జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోతే దేశమంతా వార్త అయ్యింది. దుమ్ముతో పోయేవాళ్ళు ఒక్కొక్కరుగా పోతారు. వార్త కాదు.

ఆడవాళ్ళ సంగతి వేరుగా లేదు. కట్టెల పొయ్యి పొగ కూడా ఊపిరితిత్తుల్లో ఇదే చాటింపును రోజూ లేపుతుంది. పొయ్యి దగ్గర అమ్మ ఒడిలో కూర్చునే ఐదేళ్ళలోపు పిల్లలకు న్యుమోనియా ఎక్కువ రావడానికి ఒక పెద్ద కారణం ఆ పొగే. బాగేపల్లి కూలీ సంఘాల సంగతి మీలో చాలామందికి తెలుసు. 1977లో మొదలైన ఏడాట్స్ సంస్థతో కలిసి ఆ కుటుంబాలు 5,500 గోబర్ గ్యాస్ యూనిట్లు కట్టుకునే పథకం పెట్టుకున్నారు. 2005లో ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం కింద అది నమోదైంది. ప్రపంచానికి అది కార్బన్ లెక్క. విదేశాల వాళ్ళు టన్నులు లెక్కపెట్టారు. మాకు మాత్రం పేద ఇంటి వంటగదిలో దగ్గు తగ్గడమే పెద్ద లెక్కగా కనిపిస్తుంది. శిడ్లఘట్టలో పట్టు రీలింగ్ బట్టీల దగ్గర పని చేసే అక్కచెల్లెళ్ళ ఉబ్బసం గురించి ఇంకోసారి మాట్లాడుకుందాము. అది పెద్ద విషయం, ఈరోజు సమయం చాలదు.

కాబట్టి ఆ అమ్మాయికి మేము చెప్పింది ఇది. అమ్మా, పుస్తకంలో ఉన్నది అబద్ధం కాదు. చివరి దెబ్బ తాత సొంత కణాలే కొట్టాయి. కానీ పుస్తకం ఊపిరితిత్తి గోడ దగ్గర ఆగిపోయింది. మాస్కు లేకుండా ఇరవై ఏళ్ళు దుమ్ము మింగించింది ఎవరు? వంద కిలోమీటర్ల దూరంలో ఆక్సిజన్ పెట్టింది ఎవరు? ఏడో రోజు పడుకోమన్నది ఎవరు? ఈ మూడో దానికి జవాబు మాత్రం నీకు తెలుసు.

ఆ పిల్ల ఏమీ అనలేదు. మేమూ క్షమించమని అప్పుడే అడగలేకపోయాము. తర్వాత వాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగాము.

ఇది ఇప్పటి సంగతే కాదు. 1918లో ఫ్లూ వచ్చినప్పుడు బొంబాయి నగరంలో చావుల లెక్క కులం, మతం వారీగా రాసి పెట్టారు. వెయ్యికి యూరోపియన్లు 8.3, తక్కువ కులాలు అని రాసినవాళ్ళు కాక మిగతా హిందువులు 18.9, భారతీయ క్రైస్తవులు 18.4. తక్కువ కులాలవాళ్ళు 61.6. వైరస్ ఒకటే. ఇంటర్‌ల్యూకిన్ ఏ కులంవాళ్ళ రక్తంలోనైనా ఒకటే. ఇరుకు గది, ఆకలి, పొగ, సేవ చేసే మనిషి లేకపోవడం, ఇవే ఆ అంకెల మధ్య తేడా. మన ప్రాంతానికి లండన్ మిషన్ వాళ్ళు వచ్చి చిక్కబళ్ళాపురంలో ఆసుపత్రి పెట్టినప్పుడు సువార్తతో పాటు మంచాలూ మందులూ తెచ్చారు. మనం ఇప్పుడు మైకులు ఎక్కువ కొంటున్నాము.

వెనక నవ్వుతున్నారు. మేము మా సంఘం సంగతే చెప్తున్నాము.

ఇంకో పాపం కూడా ఒప్పుకోవాలి. మన సంఘాల్లో కొందరు జబ్బు వచ్చినవాళ్ళను విశ్వాసం తక్కువ, దాచిన పాపం ఉంది అన్నారు. టీకా మృగపు ముద్ర అని ఫోన్లలో తిప్పారు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకొని అతని పక్కన నేల మీద కూర్చున్నంతవరకు మంచివాళ్ళే. నోరు తెరిచాకే చెడ్డారు. టీకా చేసేది ముద్ర వేయడం కాదు. దొంగ ముఖం ముందే చూపించి పెడుతుంది. వైరస్ రాగానే యాంటీబాడీలు, టీ కణాలు త్వరగా పట్టుకుంటాయి కాబట్టి రెండో చాటింపు ఊరంతా లేచేంత పని పడదు. ఫ్లూ టీకా సంగతీ అంతే. ముసలివాళ్ళు, చక్కెర, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి ప్రతి సంవత్సరం వేయించుకోవచ్చు.

ఇప్పుడు మీరు చేయగల పనులు చెప్తాము. కరోనా మళ్ళీ వస్తుందా రాదా అని మేము జోస్యం చెప్పము. ఫ్లూ మాత్రం ప్రతి సంవత్సరం వస్తూనే ఉంది.

ప్రతి సంఘంలో రెండు ఆక్సిమీటర్లు ఉండాలి. అవి పాస్టరు బీరువాలో తాళం వేసి కాదు, యువజన సహవాసం దగ్గర, ఆశా అక్కకు కూడా తెలిసేలా. జ్వరం, దగ్గు ఉన్న మనిషికి రోజుకు మూడు సార్లు చూడాలి, జ్వరం తగ్గినా రెండో వారం అయ్యేవరకు. 94 కంటే తగ్గితే ఆలస్యం లేదు, బండి ఎక్కించాలి. కూర్చుంటే బాగుండి, గదిలో ఆరు నిమిషాలు నడిచాక మూడు, నాలుగు అంకెలు పడిపోతే అదీ హెచ్చరికే. ముందే ఆయాసపడుతున్నవాణ్ణి మాత్రం నడిపించకండి. ఇంకో సంగతి: నల్లని చర్మం మీద ఈ మిషను కొన్నిసార్లు ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. 2020లో అమెరికాలో లెక్క చూస్తే, మిషను బాగుందన్నా లోపల ఆక్సిజన్ నిజంగా పడిపోయినవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం ఉంటే నల్లవాళ్ళలో 11.7 శాతం ఉన్నారు. ఎండలో పని చేసే మన చేతులకు మిషను మాట ఒక్కటే నమ్మకూడదు. మనిషిని కూడా చూడాలి.

మిషను లేకపోతే ఊపిరి లెక్కపెట్టండి. పూర్తిగా ఒక నిమిషం, ఆ మనిషికి చెప్పకుండా. పెద్దవాళ్ళకు 24 లేదా అంతకంటే ఎక్కువైతే ఆసుపత్రి. పిల్లలకు వేరే లెక్క: రెండు నెలల లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్ళలోపు 40. ఆ అంకె తాకినా, దాటినా, డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా ఆగకూడదు. అక్కడ డాక్టరు కన్నడ మనిషి అయితే "ఉసిరాట" అనే మాట ఒకటి నేర్చుకోండి, చాలు.

బండి వచ్చేలోగా, స్పృహలో ఉన్న మనిషిని బోర్లా పడుకోబెట్టండి, ఆయనకు వీలైతేనే. ఊపిరితిత్తుల వెనక భాగంలో నీరు నిండని గాలి సంచులు తెరుచుకుంటాయి. 2013లో ఫ్రాన్స్‌లో ఎక్కువగా జరిగిన ఒక పరీక్షలో వెంటిలేటర్ మీద ఉన్న తీవ్ర ఏఆర్‌డీఎస్ రోగులను రోజుకు చాలా గంటలు బోర్లా పడుకోబెడితే చావులు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. ఇంట్లో పడుకోబెడితే అంత మేలు అవుతుందని మేము చెప్పడం లేదు. ఆసుపత్రికి బదులు కాదు. దారిలో చేసే సాయం మాత్రమే.

స్టెరాయిడ్ సూది ఎవరు వేస్తామన్నా, "ఆక్సిజన్ ఎంత ఉంది, చక్కెర ఎంత ఉంది" అని రెండు ప్రశ్నలు అడగండి. అడిగితే కోపగించుకునేవాళ్ళ దగ్గర వేయించుకోవద్దు.

ఆక్సిజన్ దగ్గరలో ఉండాలంటే మాత్రం ప్రార్థన కూటాలతో పాటు తాలూకా ఆఫీసుకు కూడా వెళ్ళాలి. 2021 మే 2, 3 తేదీల్లో మన రాష్ట్రంలోనే చామరాజనగరలో ఆక్సిజన్ కొరతతో 24 మంది పోయారు. ఆ తర్వాత చాలా తాలూకా ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారు. అవి ఇప్పుడు నడుస్తున్నాయా? నడిపే మనిషి ఉన్నాడా? డీజిల్ జనరేటరు ఉందా? చింతామణి తమ్ముళ్ళు మీ ఆసుపత్రిలో అడగండి, బాగేపల్లివాళ్ళు మీ దగ్గర అడగండి. నోటితో కాదు, సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి రాతపూర్వకంగా. క్రషర్ కూలీలకు ఛాతీ ఎక్స్‌రే క్యాంపు పెట్టమని కూడా అదే కాగితంతో పాటు వినతిపత్రం ఇవ్వండి. సంతకాలు మేము కూడా పెడతాము.

ఇంకో ప్రశ్న చీటీ వచ్చింది. ఒక చెల్లెలు రాసింది: "నాకు ఉబ్బసం, రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నాను. మీరు చెప్పింది వింటే భయమేసింది, మానేయాలా?" మానవద్దమ్మా. నీ ఇన్‌హేలర్‌లో ఉన్నది చాలా తక్కువ మోతాదు, నేరుగా గాలి గొట్టాల్లోకే వెళ్తుంది. అక్కడ అనవసరంగా మోగుతున్న చాటింపును రోజూ తగ్గిస్తుంది. మానేస్తేనే ప్రమాదం. వాడాక నోరు పుక్కిలించు, డాక్టరు చెప్పేదాకా ఆపకు. మేము ఇందాక చెప్పింది లెక్క లేకుండా వేసే సూదులు, మాత్రల సంగతి.

భోజనాల ముందు అందరూ బయట చెట్టు కింద వరుసగా నిలబడండి. రెండు ఆక్సిమీటర్లు అక్కడ బల్ల మీద ఉన్నాయి. ఒకరికొకరు ఊపిరి లెక్కపెట్టుకొని, మిషను చూసి, అంకెలు ఆ నోటు పుస్తకంలో రాయండి. క్రషర్‌లో, రీలింగ్‌లో పని చేసేవాళ్ళ పేర్ల పక్కన ఒక గుర్తు పెట్టండి. ఆ నర్సింగ్ చెల్లెలు వచ్చింది, బల్ల దగ్గర కూర్చుంటుంది.